నూట ఎనభై రెండోది

ఆమె పేరు వైకె. మా భాషలో నిశ్శబ్దమని అర్థం.
హీయుమా దీవి పడమటి కొసన
మంచు లోతు కొలిచే ఉద్యోగం.
పొద్దున ఏడింటికి ఒక కొయ్య బద్ద, ఒక పెన్సిలు,
నీలి గీతల పుస్తకం.

ఆ పుస్తకం ఇప్పుడు తార్తూలో నా బల్ల మీద ఉంది.
అట్టకు ఇంకా కిరోసిన్ వాసన పోలేదు.
అంకెలన్నీ ఎక్కించు, ఖాళీలేవో తేల్చు,
శుక్రవారం లోగా, అన్నాడు ఊర్మస్.

పుస్తకంలో లేని రోజు
పుస్తకంలో వెతికితే కనబడదు.
డిసెంబరు ఇరవై ఎనిమిది కిందే
జనవరి ఎనిమిది కూర్చుంది
భుజం భుజం రాసుకుంటూ,
మధ్యలో ఏమీ జరగనట్టు.

అందుకని ముందు నేనే రోజుల్ని పుట్టించాలి.
మొదలు, డెబ్భై ఎనిమిది అక్టోబరు ఒకటి.
చివర, డెబ్భై తొమ్మిది మార్చి ముప్పై ఒకటి.
మొదటిదాన్ని చేతిలోకి తీసుకో,
జాబితాలో పెట్టు, ఒక రోజు కలుపు,
చివరిదానికంటే చిన్నదిగా ఉన్నంతసేపూ
ఇదే పని చేస్తూ పో.

గంటలు కలపకు, రోజు కలుపు
అని పక్క సీటు మేలి ఎప్పుడో చెప్పింది.
ఇరవై నాలుగేసి గంటల అంగలతో నడిచిన తన లెక్క
గడియారాలు వెనక్కి తిప్పిన రాత్రి కాలు జారి
ఒకే ఆదివారాన్ని రెండుసార్లు రాసిందట.
కనీసం మంచి ఆదివారమైనా కాదు, అంది.

నాలుగు వరసల కోడ్.
రెప్పపాటులో ఒక చలికాలం మొత్తం
చాటలోంచి గింజల్లా జారిపడింది.
ఎవరూ పొయ్యి రాజేయలేదు. ఎవరికీ దగ్గు రాలేదు.

జాబితా ఒక పక్క, పుస్తకం ఒక పక్క.
జోడీ దొరికిన రోజులు వెళ్ళి సర్దుకున్నాయి.
పది మాత్రం నిలబడిపోయాయి
చేతిలో అంకె లేకుండా.

సున్నా వేయబోయి ఆగాను.
సున్నా అంటే చూశారు, మంచు లేదు.
ఖాళీ అంటే
మంచు ఉందో లేదో, చూసినవాళ్ళు లేరు.

పుస్తకం మళ్ళీ తెరిచాను.
జనవరి ఎనిమిది పక్కన, అంచులో,
చీమలు పాకినట్టున్న అక్షరాలు.
"పది రోజులు తలుపు తెరుచుకోలేదు.
లోపల్నుంచి విన్నాను. చాలా పడింది."

వినడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

తర్వాత, అలవాటు కొద్దీ,
పిడికిలి కణుపుల మీద నెలలు లెక్కపెట్టాను.
ముప్పై ఒకటి, ముప్పై, ముప్పై ఒకటి,
ముప్పై ఒకటి, ఇరవై ఎనిమిది, ముప్పై ఒకటి.
నూట ఎనభై రెండు రావాలి.
తెర మీద నూట ఎనభై ఒకటే.

తప్పు నాదే.
చిన్నదిగా ఉన్నంతసేపూ అన్నాను,
సమానమైనా సరే అనలేదు.
చివరి రోజు గుమ్మం దాకా వచ్చి
పిలుపు లేక బయటే ఆగిపోయింది.

ఆ రోజు పేజీ తీశాను.
"మార్చి ముప్పై ఒకటి. ఏడు సెంటీమీటర్లు.
కంచె పైకి తేలింది.
గుంజలు పద్నాలుగు, సందులు పదమూడు.
ఏదీ పోలేదు."

పోలేదమ్మా. నేను పోగొట్టబోయాను.

ఒక చిన్న గీత కింద ఇంకో చిన్న గీత.
అంతే, సమానం గుర్తు.
మళ్ళీ నడిపాను. నూట ఎనభై రెండు.

శుక్రవారం ఊర్మస్ అడిగాడు, ఖాళీలెన్ని?
పది, అన్నాను.
కారణం?
అతని ఫారంలోనూ దానికి గడి లేదు.

కోడ్‌లో ఆ వరస చివర,
యంత్రం చదవకుండా దాటిపోయే చోట,
నేనూ అంచులోనే రాశాను.
తలుపు తెరుచుకోలేదు.