బొండాం పరీక్ష

"అస్తమానూ సగంలో ఆగిపోతోందయ్యా,
ఆ ఎర్రకన్ను పీకేసి పో" అన్నారు
పాలకొల్లు కాలవగట్టు మేడలో మంగతాయారు గారు.
కారు బయటే ఉంది. వాన మొదలైంది.
షట్టరు మోకాలెత్తు దాకా దిగి
మళ్ళీ పైకి పోతోంది,
లోపల్నించి ఎవరో వద్దన్నట్టు.

సంచి దించి నేలమీద బోర్లా పడుకున్నాను.
ఈ పనిలో ముందు పడుకోవాలి.
కన్ను ఉండేది జానెడెత్తున,
పిల్లి నడిచే ఎత్తు, పాకే పిల్ల తల ఎత్తు.
ఈ గోడకొకటి, ఆ గోడకొకటి.
ఒకటి చూపు విసురుతుంది, ఒకటి పట్టుకుంటుంది.
నడుమ కనపడని దారం.
దారం తెగితే షట్టరు దిగదు.

ఇక్కడ దారం తెంపింది కందిరీగ.
గోరంత మట్టిగూడు,
సరిగ్గా కన్ను మీదే కట్టింది.
పుల్లతో తీసి, పాత బనీను గుడ్డతో తుడిచాను.
వెనక తీగ చూస్తే తుప్పు.
సముద్రం పన్నెండు మైళ్ళ అవతలున్నా
ఉప్పు రోజూ ఇంటికొచ్చి పోయేది;
రొయ్యల చెరువులొచ్చాక
పోవడం మానేసింది.

"పీకమంటే తుడుస్తావేంటయ్యా?"
"చెడిపోయి కాదండి, కనపడక ఆగింది."

అంతవరకే చెప్పాను.
చెప్పనిది ఆచంటలో ఉంది.
నాలుగేళ్ళ కిందట, ఇలాంటి వానలోనే,
ఇలాంటి విసుక్కే,
కన్ను తప్పించి తీగకు తీగ మెలేసి
పైన నల్లటేపు చుట్టాను.
భలేవాడివన్నాడు ఇంటాయన, వంద ఎక్కువిచ్చాడు.
ఆ వందతో జున్ను కొన్నాను, గుర్తుంది.
పదకొండో రోజున
వాళ్ళ పనామె కూతురు దీవెన
బంతి కోసం కిందనుంచి దూరింది.
పాదం అతికింది. నడుస్తుంది.
పరిగెత్తడం మాత్రం నేను చూళ్ళేదు.
మెలేసింది నేనని
ఎవరికీ తెలీదు, ఆ తీగకు తప్ప.

నిచ్చెనెక్కి పైన గ్రీజు రాశాను.
"ఈ స్ప్రింగు జోలికి మాత్రం రాకండి,
చుట్టి కూర్చోబెట్టిన కోపం ఇది."
మా మేస్త్రి నాగూర్ మీరా గారు
సలాం పెడితే మూడు వేళ్ళే లేచేవి.

కరెంటు పోతే లాగే గొలుసేదంటే
ధాన్యం బస్తాల వెనక దొరికింది,
పిల్లకి జడేసినట్టు మడిచి, రిబ్బను కట్టి.
వేలాడుతుంటే అసయ్యంగా ఉందని కట్టించారట.
"తుపాను రాత్రి చీకట్లో
రిబ్బను విప్పుకుంటారాండీ?"
నవ్వారు. నేనే విప్పాను.

"బొండాం ఒకటుంటుందాండీ?"
"తాగుతావా?"
"తర్వాతండి."
గడప మీద అడ్డంగా పడుకోబెట్టాను,
చూపు దారానికి కింద.
ఇప్పుడు పరీక్ష కన్నుకు కాదు, చేతికి.
బొత్తాం నొక్కాను.
దిగింది. తాకింది.
ఆగలేదు. నొక్కింది.
బొండాం కిర్రుమంది.
మంగతాయారు గారు ఒకడుగు వెనక్కేశారు.

మోటారు దగ్గర మర పావు చుట్టు తిప్పాను.
మళ్ళీ దింపితే
పెనం తగిలిన వేలులా
చటుక్కున పైకి పోయింది.

"నెలకోసారి చూడండి, జీతాలిచ్చే రోజైతే గుర్తుంటుంది."
"మా ఇంట్లో చిన్నపిల్లలెవరూ లేరుగా?"
"పనామెకున్నారాండీ?"
జవాబు రాలేదు.
కాసేపయ్యాక ఆవిడే వంగి
ఆ కన్నును చీర చెంగుతో ఇంకోసారి తుడిచారు.
తుడవాల్సింది ఏమీ లేదక్కడ.

మూడొందలిచ్చి, నొక్కుపడ్డ బొండాం కూడా
తీసుకుపొమ్మన్నారు.
బండి వెనక కట్టుకున్నాను.

ఆచంట రోడ్డు మలుపు దగ్గర
వాన తెరలా పడుతోంది.
కాలవేదో, రోడ్డేదో,
ముందు ఏమీ కనపడలేదు.
ఆగాను.