పుట్టుమచ్చలు

బుడమేరు తగ్గిన నాలుగో రోజు
ఆఫీసు గది తలుపు తోస్తే రాలేదు.
బాజీ భుజం పెట్టి నెట్టాడు.
లోపల గోద్రెజ్ బీరువా వెల్లకిలా పడుంది.
బరువైనదే.
నీళ్ళకి బరువుతో పనేముంది.

అడ్మిషన్ రిజిస్టర్లు పదకొండు.
వాలీబాల్ కోర్టులో దుప్పట్లు పరిచి
పేజీకీ పేజీకీ మధ్య పాత ప్రశ్నపత్రం పెట్టి
ఆరేశాం.
అరవై మూడేళ్ళు ఎండకి పడుకున్నాయి.
కుక్క ఒకటి వచ్చి, వాసన చూసి, తుమ్మి పోయింది.

బాల్‌పెన్నుతో చేరినవాళ్ళంతా బతికిపోయారు.
తండ్రి వృత్తి గడిలో
కూలి, కూలి, రిక్షా, కూలి,
ఆటోనగర్‌లో వెల్డింగు, తాపీ, ఆటో, కూలి,
ఈమధ్య వాళ్ళకి ఫుడ్ డెలివరీ.
ఎనభై రెండుకి అటువైపంతా సిరా.
ఇప్పుడది
పేజీ నిండా కలిపేసిన నీలిమందు.

ఒకటో నంబరు రిజిస్టరు
మామిడికాయల షెడ్డులో బడి ఉన్నప్పటిది.
షెడ్డు ఇచ్చిన కంచర్ల బసవపున్నయ్యగారు
కాయ దిగగానే పిల్లల్ని బయటికి పంపేవారట.
మా బడికి వేసవి సెలవులు
బంగినపల్లిని బట్టి వచ్చేవని
బాజీ వాళ్ళ నాన్న చెప్పేవాడు,
ఆయనా ఇక్కడ గంట కొట్టినవాడే.

అందులో పేర్లు లేవు.
ఇంటిపేర్లు లేవు.
కులం గడి కూడా పోయింది,
ఇన్నాళ్ళూ ఎవరూ కడగలేకపోయింది
ఒక్క రాత్రిలో.
మిగిలింది చిట్టచివరి గడి.
మొదటి హెడ్మాస్టరు దావులూరి సుబ్బరాయుడుగారు
అన్నీ సిరాతో రాసి
అదొక్కటి పెన్సిలుతో రాశారు.
పిల్లలు పెరిగితే
మచ్చలు జరుగుతాయనుకున్నారో ఏమో.

కుడి మోచేతి కింద.
ఎడమ చెవి తమ్మె మీద.
వీపున రెండు, పక్కపక్కన.
బొటనవేలి మొదట్లో, కందిగింజంత.
మనుషులు లేరు.
మచ్చలు మాత్రం వరసలో నించుని
హాజరు పలుకుతున్నాయి.

పదో రోజున ఒకాయన వచ్చాడు.
లేతు మిషను మీద నలభై ఏళ్ళు,
వేళ్ళు ఎనిమిదే ఉన్నాయి.
ఆధార్‌లో వయసు తప్పు పడిందట,
పెన్షను ఆగింది.
"మందా ఏసుపాదం. జూలై ఒకటి."
నిజంగా జూలై ఒకటేనా?
"మా క్లాసులో సగంమందిమి జూలై ఒకటేనమ్మా.
గాలివానకి ముందు పుట్టాడంది మా అమ్మ.
ఏ గాలివాన అన్నారు మాస్టారు.
అమ్మ ఆకాశం వంక చూసింది.
ఆయన రాసేశారు."

తిప్పాడు ఒక్కో పేజీ,
ఎనిమిది వేళ్ళతో, చిరక్కుండా.
గడ్డం కింద, అడ్డంగా, అంగుళం.
అక్కడ ఆగాడు.
తల పైకెత్తాడు.
బాజీ వంగి
తెల్లటి వెంట్రుకలు వేలితో పాయ తీశాడు.
ఉంది.

"ఇది పుట్టుమచ్చ కాదు. నాకు మచ్చల్లేవు.
గడి ఖాళీగా వదలకూడదన్నారు.
షెడ్డు గుమ్మం మీద పడ్డ దెబ్బ ఇది,
అప్పటికి పక్కు కూడా కట్టలేదు.
మాస్టారు లాంతరు దగ్గరికి జరిపి
స్కేలుతో కొలిచారు.
కదలకురా అన్నారు.
ఇన్నేళ్ళు గుర్తుందంటే
ఎంత కదలకుండా ఉన్నానో చూడు."

ధ్రువపత్రం నేనే రాశాను.
రిజిస్టరు ఒకటి, పేజీ పద్నాలుగు.
హెడ్మాస్టరు మేడం చదివింది,
నా మొహం చూసింది,
ఆయన గడ్డం చూసింది,
సంతకం పెట్టింది.

బడి తెరిచాం. గోడల మీద బురదగీత
ఆరో తరగతి పిల్లల తలలకి పైనే.
పన్నెండో రిజిస్టరు, మొదటి వరస,
ఒరిస్సా నుంచి ఇటుకబట్టీకి వచ్చినవాళ్ళ పిల్ల,
సుకాంతి మాఝి.
పేరు బాల్‌పెన్నుతో రాసి
చివరి గడి దగ్గర
బాజీ చెవి మీది పెన్సిలు అడిగాను.

చేతులు తిప్పి చూపించింది. మెడ చూపించింది.
ఏమీ లేవు.
ఆఖరికి మోకాలి మీద
దోమ కుడితే గీరుకున్న చోటు, ఎర్రగా.
"ఇది రాస్తారా?" అంది
వచ్చీరాని తెలుగులో.

కదలకు అన్నాను.
స్కేలు తెమ్మన్నాను.