ఎడమ దిక్కు

వరంగల్ చౌరస్తల, చీరల దుకాణం మెట్ల కింద
ఇద్దరు నిలబడితే మూడోడు బయటుండే మొబైల్ షాపు.
అద్దం బల్ల మీద రెండు పెట్టిండు రఫత్ భాయ్.
ఒకటి తీగెది, నల్లటిది,
చెవికొక దోసిలి, నోటి ముంగట సన్నపుల్ల లెక్క మైకు.
ఇంకోటి సబ్బుబిళ్లంత డబ్బా. మూత తీస్తే
చింతగింజలంత రెండు
పచ్చలైటు మిటకరించుకుంట నన్నే చూస్తున్నయ్.

ధర అటు ఇటుగ ఒక్కటే.
జేబుల పదిహేడు వందలు,
పత్తి సీజను మొదటి నెల ఓవర్‌టైము.

"ఇవి తీస్కో అన్నా, జేబులేస్కొని యాడికన్న పోవచ్చు."

యాడికి పోత?
దేశాయిపేట నుంచి ఎనుమాముల,
ఎనుమాముల నుంచి దేశాయిపేట.
జిన్నింగు మిల్లుల చెవిల ఏది పెట్టుకున్నా
మిషిన్ల మోత దాన్ని మింగుతది.
పదకొండేండ్ల సంది మింగుతనే ఉన్నది.
ముందుగాల పిచ్చుకలను తిన్నది,
తర్వాత కుక్కరు విజిలు,
ఆ తర్వాత ఎడమ పక్కన కూసున్నోళ్ల మాటలు.
డాక్టరు కాగితం మీద గీతలు గీసి చూపెట్టిండు.
కుడి చెవిది జర వాలిన ఇంటికప్పు.
ఎడమదాని గీత
బాయిల చేద జారినట్టు జారింది.

భాయ్‌కి ఈ ముచ్చట చెప్పలే.
"కుడిది ఒక్కటే అమ్ముతవా?" అన్న.
"చెప్పు ఒక్కటే అమ్ముతరా అన్నా?" అని నవ్విండు.

రాత్రి పదింటికి మా ఆట.
పరకాల నుంచి సారంగం, కమలాపూర్ల తిరుమలేశ్,
మట్టెవాడ జక్రియా, నేను.
నేను ఎప్పుడు సచ్చినా ఎడమ దిక్కు నుంచే సస్త.
గడ్డిల అడుగుల చప్పుడైతదట,
తుపాకిల గుండ్లు నింపుకునే చప్పుడైతదట.
నాకు మాత్రం ముందు తెర ఎర్రగైతది,
తర్వాత సంగతి తెలుస్తది.
"ఎడమకు! ఎడమకు సూడే!" అని మొత్తుకుంటడు సారంగం.
నాలుగు నెలల సంది వాడే నా ఎడమ చెవి.
వాని ముఖం ఇంకా చూడలే.

కాంట కాడి పిలగాని బడ్స్ అడుక్కొచ్చి
ఒక రాత్రి పెట్టుకొని చూసిన.
తీగె లేని మాట జర ఆగి ఆగి వస్తది.
సారంగం "ఎడమ" అన్నది నాకు వినపడేసరికి
నేను బోర్ల పడి ఉన్న,
మీది నుంచి ఎవడో నా సామాన్లు ఏరుకుంటున్నడు.

"తీగెది ఎవరు కొంటున్నరన్నా ఇప్పుడు?
చిక్కువడ్తది, తెగుతది."
మా తాత కొత్తవాడల జంపఖానాలు నేసిండు.
తెగిన పోగును ఉమ్మి తడిపి అతికిన ఇల్లు మాది.
చిక్కులతోని బెదిరిస్తవా భాయ్.

నా ఫోను పాతది, దానికి ఇంకా బెజ్జమున్నది.
పిన్ను గుచ్చితే టిక్కున పట్టింది.
పైసలు లెక్కవెట్టుకున్నడు.

ఇంటికొచ్చినంక ఆ ఎడమ దోసిలి
వట్టిగనే నా చెంప పక్కన వేలాడింది.
పనిలేని దాన్ని పడేయలేం, కోసేయలేం.
రెండో రాత్రి
అక్క బిడ్డ మనస్వి, ఏడేండ్లది,
దాన్ని అవతలికి తిప్పి
తన చెవి ఆనిచ్చుకున్నది.
తీగె రెండు మూరలు.
ఇద్దరి తలలు ఒక్క మెడ మీద ఉన్నట్టు కూసున్నం.
దాని జడలకెళ్లి కొబ్బరినూనె వాసన.

నిన్న సారంగం నోరు తెరవకముందే
నా ఎడమ భుజం మీద రెండు వేళ్లు పడ్డయ్.
తిరిగిన.
గడ్డిల ఉన్నోడు నన్ను చూసి బిత్తరపోయిండు.

"నీకెవలు చెప్పిన్రే?" అని సారంగం.
మైకుకు చెయ్యి అడ్డం పెట్టిన.
పిల్ల ఇంకా ఏడో ఎక్కం రాయలే.
వంటింట్ల మా అక్క చెవులు
పరకాల దాంక వినపడేటియి.