పన్నెండో చుట్టు

తెల్లారగట్ల మూడున్నరకు లేసి
ఇనుప చాబీ భుజానేసుకొని
పార్సిగుట్ట గల్లీల్లో పద్దెనిమిదేండ్లు తిరిగిన.
మూత ఎత్తి గుంతలకు వంగి
ఎన్ని చుట్లు తిప్పితే ఎవరింట్ల నల్లా దగ్గుతదో
నా మణికట్టుకు తెలుసు.
మిట్ట మీది ఇండ్లకు పదకొండు,
చర్చి వెనక సందుకు ఆరు చాలు.
ఒక్క చుట్టు ఎక్కువైతే పల్లంల పైపు పగులుతది,
తక్కువైతే సుగుణమ్మ
ఖాళీ బిందె తెచ్చి నా గుమ్మంల పెడతది.

ఒంట్ల కూడ ఇసొంటి లైన్‌మన్‌లు ఇద్దరున్నరని
యాభై రెండేండ్లదాక నాకెవ్వరూ చెప్పలే.
నడుం వెనక, పక్కటెముకల చాటున
పిడికిలంత ఒక్కొక్కరు.
సూది గుచ్చుకుంట నస్రీన్ సిస్టర్ చెప్పింది:
రోజుకు నూటెనభై లీటర్లు వడగడతరంట.
లెక్కేసిన. తొమ్మిది క్యాన్లు.
పనికొచ్చేదంతా మళ్ల నెత్తురుకే ఒప్పజెప్పి,
ఉప్పు ఎంతుండాల్నో అంత ఉంచి,
మురికిని విడదీసి
ఆఖరుకు బయటికి పంపేది చెంబెడో రెండు చెంబులో.
చెంబెడు కోసం తొమ్మిది క్యాన్ల చాకిరి!
జీతం లేదు. ఆదివారం లేదు.
నేనైతే మూడుసార్లు ధర్నాల కూసున్న.
వాళ్లు ఒక్కసారే కూసున్నరు,
మళ్ల లేవలే.

ముందుగాల కాళ్లకొచ్చింది.
వేలితోని నొక్కితే గుంత,
రోడ్డు తవ్వి వదిలేసి పోయినట్టు, పూడదు.
తర్వాత రాత్రిళ్లు పండుకుంటే ఊపిరాడక
గోడకు ఆనుకొని కూసునుడు.
నాలా పొంగితే ముందు పల్లం ఇండ్లే మునుగుతయి,
అటెన్కనే మిట్ట.
నోట్లె చిల్లర పైసలు చప్పరిస్తున్నట్టు రుచి.

ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు
నాలుగ్గంటలు మిషినే నాకు మూత్రపిండం.
ఎడమ చేతి మీద వేలు పెడితే జుయ్యిమంటది,
నల్లా రాబోయే ముందు పైపుల గాలి కదిలినట్టు.
ఊరికి నీళ్లు పంచినోనికి
దినానికి ముప్పావు లీటరు.
ఆండాలు సీసా మీద పెన్నుతోని గీత గీసింది.
చింతపండు బంద్, టమాట బంద్,
ఆకుకూర ఉడికిచ్చి ఆ నీళ్లు పారబోస్తది
నా దిక్కు చూడకుండ.

పక్క బెడ్డు మొయినుద్దీన్ సాబ్
ఐసు ముక్క బుగ్గల దాసుకొని అంటడు:
"మనది పన్నెండు నెలల రోజా భాయ్,
మగ్రిబ్ అజా ఎప్పుడైతదో!"
నవ్వితే ఇద్దరి మిషిన్లూ
పీక్ పీక్‌మని మొత్తుకున్నయి.

మొన్న సూదుల మీద ఉన్నప్పుడే ఫోనొచ్చింది,
కొత్తగ డ్యూటీల చేరిన పిలగాడు.
"అన్నా, మిట్ట లైనుకు ఎన్ని చుట్లు?"
"పదకొండు. పన్నెండోది తిప్పకు,
ఏడ్చినా తిప్పకు."

ఆ రోజే ఇంటికొస్తుంటే
చిలకలగూడ కాడ రైల్వే గోడ.
"ఇచ్చట మూత్రం పోయరాదు."
ఎవరికి చెప్తున్నవే గోడా,
నాలుగు నెలలాయె, చుక్క లేదు.
ఎవడో బడి పిల్లగాడు, సంచి వీపున,
సరిగ్గ ఆ అక్షరాల మీదనే పోస్తుండు.
మామూలుగైతే తిడుదును.

ఆగిన.
ఆ సప్పుడు విన్న,
అయిపోయేదాక.