ఖాళీ నీటికి అద్దె

ఇంగెలా, ఏం జరుగుతోందని అడిగావు కదా.
ఇక్కడేం జరుగుతుంది, మార్చి జరుగుతోంది అంతే.
హార్నోసాండ్ మీద మంచు కురుస్తుంది, కరుగుతుంది,
మళ్ళీ మనసు మార్చుకుంటుంది.
బడి వంటింట్లో నాలుగువందల మందికి చేపముక్కలు వేయించాను,
మూడొందల మంది బంగాళాదుంపలతో సరిపెట్టుకున్నారు.
ఇంట్లో పొయ్యి ఎడమ నాబ్ ఊడి చేతికొచ్చింది.
పటకారుతో తిప్పుతున్నాను.

అసలు కబురు: బూట్ల పెట్టె తెరిచాను.
అవును, అదే,
మూత లేవకుండా నిఘంటువు బరువు పెట్టానే, అది.
మూడేళ్ళ రసీదులు, చించని కవర్లు,
పన్నులవాళ్ళ మర్యాదైన బెదిరింపులు.
శనివారం పొద్దున అన్నీ బల్ల మీద గుమ్మరించి
గళ్ళ నోటుబుక్కులో నిలువుగా ఒక గీత కొట్టాను.
ఎడమవైపు వచ్చేది, కుడివైపు పోయేది.
ఎడమవైపు కాఫీ చల్లారకముందే అయిపోయింది.

కుడివైపున
నేను గడప తొక్కని వ్యాయామశాల,
రెండు చోట్ల కడుతున్న ఒకే ఇంటి బీమా,
పిల్లి పోయి ఏడాదైనా
తను మాత్రం పోని పిల్లి బీమా.
దాని కింద, నెలకి నూట నలభై క్రోనర్లు:
పడవల రేవు, పదిహేడో నంబరు చోటు.

పడవ అమ్మి నాలుగేళ్ళు.
క్రిస్టరూ నేనూ విడిపోయినప్పుడు
ముందుగా చేతులు మారింది అదే.
అంటే ఇన్నాళ్ళూ నేను
ఖాళీ నీటికి అద్దె కడుతున్నానన్నమాట.
ఆరువేల ఏడువందల ఇరవై. రెండుసార్లు కూడాను.
నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

మంగళవారం రక్తం ఇచ్చి వచ్చాను.
కిందటిసారి వెనక్కి పంపారు, గుర్తుందా,
ఒంట్లో ఇనుము చాలదని.
రోజూ ఇరవై కిలోల ఇనప గిన్నెలెత్తేదానికి!
ఈసారి హోదన్ అనే నర్సు వేలు పొడిచి చూసి
నూట ముప్పై ఒకటి అంది.
ఈ వారం నన్ను చూసి మొహం తిప్పుకోని అంకె అదొక్కటే.

కుర్చీ వాల్చారు. గుప్పిట్లో రబ్బరు బంతి.
పక్కన సంచీ ఊగుతోంది, ఎవరో జోకొడుతున్నట్టు.
గొట్టం మోచేతికి ఆనిన చోట వెచ్చగా ఉంది.
ఆ వెచ్చదనం నాదేనని
తట్టడానికి కాసేపు పట్టింది.
కిటికీ అవతల ఒకాయన గడ్డకట్టిన సైకిలు తాళాన్ని
బతిమాలి, తర్వాత తన్ని, మళ్ళీ బతిమాలుతున్నాడు.
రాత్రికి ఏం తింటావు అంది హోదన్.
రక్తపు పుడ్డింగు, లింగన్ జాముతో, అన్నాను.
నేను ముట్టనుగానీ
లెక్క మాత్రం సరిపోయింది, అంది.
సూది కదులుతుంది, నవ్వకు, అని తనే నవ్వింది.

గురువారం రేవుకి వెళ్ళాను, నా చోటు రద్దు చేయమనడానికి.
ఫోన్లో చెప్పొచ్చు. వెళ్ళాను.
రెండు గుంజలు, తాడు మరిచిపోయిన కొక్కెం,
మధ్యలో పల్చని మంచు పలక, దాని అంచున నల్లటి నీళ్ళు.
ఒక బాతు నా ఖర్చు మీద ఈదుతోంది.
వేళకి కట్టేది నువ్వొక్కదానివే,
నువ్వూ పోతున్నావా, అన్నాడు రేవు చూసే హిల్డింగ్.
సంతకం సగంలో ఉండగా జేబులో ఫోను వణికింది:
మీరిచ్చిన రక్తం ఈరోజు ఉపయోగపడింది, కృతజ్ఞతలు.

అంతే. పేరు లేదు, ఊరు లేదు.
ఎవరో, బహుశా సుండ్స్‌వాల్‌లో,
నా గిన్నెలెత్తిన సత్తువతో కళ్ళు తెరుస్తూ ఉండాలి.
తెరవకపోయీ ఉండాలి. అది వాళ్ళు చెప్పరు.
హిల్డింగ్ కలం కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు.

ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిచాను. ఎటు రాయను?
చివరికి గీత మీదే రాసేశాను,
నాలుగువందల యాభై మిల్లీలీటర్లు.
గీత పాడైంది.

మిగతావన్నీ ఆపేశాను, పిల్లి బీమా తప్ప.
ఫోన్ చేస్తే పిల్లి పేరు అడుగుతారు,
పైకి పలకాలి.
వచ్చే వారం చూద్దాం.

నీ పాత పొయ్యి ఇంకా అటక మీదే ఉందా?
దాని నాబ్ దీనికి పడుతుందేమో చూసి చెప్పు.