బతికున్నట్టు కాగితం

ఫిదిమ్‌లో మా పెన్షన్ ఆఫీసు పదింటికి తెరుస్తాం.
ఆయన ఆరింటికే వచ్చి మెట్టు మీద కూర్చుంటాడు,
గోడ పక్కనే ఉన్నా ఆనుకోడు.

పేరు ఇంద్రధ్వజ్ లింబూ.
వయసు, కాగితం ప్రకారం, ఎనభై నాలుగు.
కాగితానికేం తెలుసు!
పల్టన్‌లో చేరిన రోజున రెండేళ్ల వయసు అప్పు తెచ్చుకున్నాడట,
ఇంకా తీర్చలేదట.

ఏడాదికోసారి, మనిషి బతికున్నాడని
ఆ మనిషే వచ్చి చెప్పుకోవాలి.
ఎదురుగా ఊపిరి పీలుస్తున్నవాణ్ణి
పీలుస్తున్నాడని రాసి ముద్ర కొట్టడం,
అదీ నా ఉద్యోగం.

ఈ ఏడు కొత్త యంత్రం వచ్చింది.
గాజు పలక మీద బొటనవేలు పెట్టమన్నాను.
ఎర్ర దీపం.
తుడుచుకుని పెట్టమన్నాను. ఎర్ర దీపం.
ఎడమ చెయ్యి. అదీ అంతే.
గీతలేం మిగల్లేదు ఆ వేళ్లమీద.
ఏలకుల తోటలో కలుపు కొంత తినేసింది,
రాళ్లు మోసిన తాడు కొంత,
బోర్నియో అడవిలో తడిసిన తుపాకీ కొంత.
ఎవరి వాటా ఎంతో ఆయనెప్పుడూ లెక్క కట్టలేదు.

"నీ యంత్రం లెక్కన నేను పోయినట్టేనా అమ్మా?"
నవ్వితే ముందు పళ్లు రెండు లేవు.

అలాంటప్పుడు ప్రశ్నలడగాలని నియమం.
భార్య పేరు?
తడుముకున్నాడు. "ఇదిగో అంటే పలుకుతుంది" అన్నాడు చివరికి.
సైన్యంలో నంబరు?
నేనింకా అడుగుతూండగానే లేచి నిలబడ్డాడు.
ఎనిమిది అంకెలు,
మధ్యలో గాలి చొరబడకుండా,
కిటికీ అద్దం అదిరేట్టు.
వరసలో వెనకున్న వితంతువులు మాటలాపేశారు.

చదువుకునే రోజుల్లో నాకీ ముసలాళ్లంటే కోపం.
ఎవరి యుద్ధం, ఎవరి రాణి అని.
మా అన్న, పాతిక కిలోల ఇసుక బుట్ట నుదుటికి తగిలించుకుని
కొండ మీదికి పరిగెత్తే పరీక్షలో
ఒక్క నిమిషం వెనకబడి,
ఇంటికొచ్చి మూడు రోజులు అన్నం ముట్టనప్పుడు
ఆ కోపం ఇంకాస్త పెరిగింది.
ఇప్పటికీ పోలేదు. పోవాలనీ లేదు.
దాని పక్కనే ఇంకోటేదో వచ్చి చేరింది, అంతే.
రెండూ ఒకే సొరుగులో పడుంటాయి,
సిరా డబ్బా పక్కన.

డబ్బు లెక్కపెట్టుకోలేదు. చొక్కా లోపలికి తోసి
"జాబితా చదువు" అన్నాడు.
ఏటా ఇంతే.
రెండు రోజులు నడిచి వచ్చేది ఇందుకేనని నా అనుమానం.
తన కంపెనీ వాళ్లవి కిందటేడు ఐదు పేర్లు.
ఈ ఏడు రెండు. ఒకటి తనదే.

"పహల్‌సింగ్ థెబే వచ్చాడా?"
"ఇంకా గడువుంది తాతా."

"ఒక వానాకాలమంతా వాడి వీపు చూస్తూ నడిచాను.
మొహం గుర్తు రావడం లేదు. వీపు గుర్తుంది.
వాడాగితే ఆగేవాణ్ణి, వాడు కదిలితే కదిలేవాణ్ణి.
ఒకరోజు వెనక్కి చూడకుండానే అరచెయ్యి కిందికి ఊపాడు.
పడుకున్నాను.
లేకపోతే ఈ బొటనవేలు
ఇవాళ నిన్ను సతాయించడానికి ఉండేది కాదు."

పహల్‌సింగ్ కోడలు రాయించిన ఉత్తరం
అప్పటికి నాలుగు రోజులుగా నా సొరుగులో ఉంది.

వెళ్తూ వెళ్తూ పాత గుడ్డలో కట్టిన ఏలకులు
కిటికీ లోంచి తోశాడు.
"నోగెన్" అన్నాడు.
మా భాషలో రుణం ఒప్పుకునే మాట అది.
ఆ మాట నేను అనాల్సింది.
నోరు తెరిచేలోగా మెట్లు దిగిపోయాడు,
కర్ర చంకలో పెట్టుకుని, ఊరు దాటేదాకా దాని అవసరం లేనట్టు.

వేలిముద్ర గడిలో "పడలేదు" అని రాశాను.
పక్క గడిలో: "బతికే ఉన్నారు. నేను చూశాను."

ఏలకులు ఆ సొరుగులోనే పెట్టాను.
కొట్టెయ్యాల్సిన పేరు ఆ రోజు కొట్టెయ్యలేదు.
మర్నాడు కొట్టేశాను,
స్కేలు పెట్టి, ఒక్క గీత,
ఆయన మెట్టు మీద కూర్చునేంత సూటిగా.