మూడో గడి

డేటన్‌లో మా షెడ్డు విమానాలకు తీగల జడలు అల్లుతుంది.
కొనేది సర్కారు. అందుకని
ప్రతి దరఖాస్తు వెనకా నేనో కాగితం పిన్ను చెయ్యాలి:
మీకు వైకల్యం ఉందా?
ఉంది. లేదు. చెప్పదలచుకోలేదు.
మూడు గళ్ళు, ఒక తేదీ.
పైన చిన్న అక్షరాల్లో
చక్కెర జబ్బు, మూర్ఛ, దిగులు, కన్ను, కాలు, చెవి
రేషను క్యూలో నిలబడ్డట్టు ఒకదాని వెనక ఒకటి.

నూటికి ఏడుగురు ఉండాలట.
అది లక్ష్యం, కోటా కాదు.
ఈ తేడా శిక్షణలో మూడుసార్లు చెప్పారు.
రెండుసార్లు ఆవిడ నాకు ఎడమపక్క నిలబడింది.
మూడోసారి విన్నాను.

నిండిన కాగితాలు వేరే బీరువాలో.
మేనేజరు కంట పడకూడదు. తాళంచెవి నా దగ్గర.
ఒక చెవి పనిచెయ్యని మనిషికి
ఇంకో చెవి ఇచ్చారని వాళ్ళకి తెలీదు.

మార్చిలో వెండెల్ ఓపాల్కా వచ్చాడు.
తీగలకు కొసలు బిగించడంలో పదకొండేళ్ళు.
మోకాలి కింద నల్లటి కార్బన్ కాలు,
దానికి ఎర్ర సాక్సు తొడిగాడు, ఎందుకో.
ఒక స్టూలు ఇప్పిస్తే చాలు అన్నాడు.
ముప్పైనాలుగు డాలర్లు. నేను చూశాను ధర.
బ్రెంట్ అన్నాడు: నడవలో స్టూలు ఉంటే
అగ్నిప్రమాదమప్పుడు అడ్డం.
ఆ నడవలోనే ఉంటుంది ఆయన గోల్ఫు సంచీ.

కుంటిసాకు అంటాం మా భాషలో.
ఎంత అన్యాయం ఆ మాట!
నేను చూసిన సాకు కుంటలేదు.
రెండు కాళ్ళ మీద, పాలిష్ బూట్లతో
టకటకా నడిచొచ్చి నా బల్ల ముందు నిలబడి
అనుభవం చాలదని రాసెయ్, అంది.

కలం ఒప్పుకోలేదని అనను,
కలాలు అన్నిటికీ ఒప్పుకుంటాయి.
నేను స్టూలు అని రాశాను. నడవ అని రాశాను.
ఆయనన్న మాట ఆయనన్నట్టే, తేదీ వేసి.

ఈ వారం పాతవాళ్ళకీ కాగితాలు పంచాను. ఐదేళ్ళకోసారి.
నాదీ ఒకటి ఉంది.
గూడూరులో లెక్కల మేష్టారు నన్ను చూపించి
చెవిటివాడి ముందు శంఖం అనేవారు.
శంఖం వినబడింది మేష్టారూ, కుడివైపు.
క్లాసంతా నవ్విందీ వినబడింది.
అప్పట్నుంచి నాది మూడో గడే.

శుక్రవారం దాకా గడువుంది. కాగితం ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం కారులో కూర్చుని వెండెల్‌కి ఫోన్ చేశాను.
ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో, ఏ నంబరుకో,
మూడు వందల రోజుల్లోపు అనీ
చదివి వినిపించాను.
ఎవరు మాట్లాడేది, అన్నాడు.
చెప్పదలచుకోలేదు, నాలిక చివరిదాకా వచ్చింది.
మందాకిని, అన్నాను.
అవతల ఏవో యంత్రాల మోత.
వినబడలేదు, కాస్త గట్టిగా, అన్నాడు.
ఇన్నేళ్ళూ ఎవర్నీ అడగలేక నేను మింగిన మాట.
కారు అద్దం దించి
ఇంకోసారి చెప్పాను.